దుర్యోధనుడి కోసం కన్నీళ్లు: భాసుని ‘ఊరుభంగం’ చదువుదాం



మన ఆలయంలో ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. ఇక్కడి బడుల్లో తొమ్మిదో తరగతికి రాగానే ‘రోమియో అండ్ జూలియట్’, ఆ తర్వాత ‘మాక్‌బెత్’ చదివిస్తారు. విషాద నాటకంలో కవి వాడిన పోలికలు, ప్రతీకలు, వ్యంగ్యం పాత్రల స్వభావాన్ని ఎలా బయటపెట్టాయి, నాటకం చెప్పదలచుకున్న విషయాన్ని ఎలా చెప్పాయి అని వ్యాసం రాయమంటారు. పోయిన చలికాలం అలాంటి వ్యాసం రాస్తున్న ఒక అమ్మాయి మమ్మల్ని అడిగింది: “మన పాత నాటకాలన్నీ శుభంగానే ముగుస్తాయట కదా, మనకు ట్రాజెడీ లేదా?”

ఆ పిల్ల అన్నది చాలావరకు నిజమే. సంస్కృత నాటకం సాధారణంగా మంగళంగానే ముగుస్తుంది. చావును రంగస్థలం మీద చూపించరాదని నాట్యశాస్త్ర సంప్రదాయం. మన తెలుగులో ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి ‘విషాద సారంగధర’ను తొలి విషాదాంత నాటకంగా చెప్పుకుంటాం. అది 19వ శతాబ్దపు చివరి మాట. అయితే సంస్కృతంలోనే, చాలా పాత కాలంలో, ఈ పద్ధతిని దాటిన నాటకం ఒకటుంది. దాని పేరు ‘ఊరుభంగం’. అంటే తొడలు విరగడం. మా పఠన బృందం మూడు నెలలుగా దాన్నే చదువుతోంది. చదివినంతలో మాకు తోచినవి ఇక్కడ పంచుకుంటున్నాము.

నాటకం సంగతి

ఊరుభంగం భాసుడి పేరుతో ప్రసిద్ధమైన పదమూడు నాటకాల్లో ఒకటి. భాసుడు కాళిదాసు కంటే ముందువాడు. కాళిదాసే ‘మాళవికాగ్నిమిత్రం’ మొదట్లో భాసుణ్ణి గొప్ప కవిగా తలచుకున్నాడు. అయినా ఆయన నాటకాలు ఎంతోకాలం పండితుల చేతికి అందలేదు. టి. గణపతి శాస్త్రి గారికి కేరళ ప్రాంతంలో తాళపత్ర ప్రతులు దొరికాయి. వాటిని 1912 నుంచి తిరువనంతపురంలో ఆయన అచ్చు వేయించారు. ఈ పదమూడూ భాసుడివేనా అన్న వాదన పండితుల్లో ఇంకా ఉంది. మనం వాడుకలో ఉన్నట్టే భాసుడి నాటకమనే అనుకుందాం.

ఇది ఒకే అంకం. గట్టిగా కూర్చుంటే గంటలో చదివేయవచ్చు. కథ మనకు తెలిసిందే. పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయింది. భీముడికీ దుర్యోధనుడికీ గదాయుద్ధం జరుగుతుంది. భీముడు దుర్యోధనుడి తొడలు విరగ్గొడతాడు. భారతంలో దుర్యోధనుడు ఆ తర్వాత అశ్వత్థామను సేనాపతిని చేస్తాడు. నిద్రలో ఉన్న పాండవ సేనను అశ్వత్థామ చంపివచ్చాడని విని, సంతోషంతో ప్రాణం విడుస్తాడు. భాసుడు దీన్నే మార్చాడు. ఆయన దుర్యోధనుడు పగను వదిలేసి చనిపోతాడు, అదీ ప్రేక్షకుల కళ్ల ముందే.

ఇక్కడ ఒక కష్టముంది. చిన్నప్పటి నుంచి మనకు దుర్యోధనుడంటే చెడ్డవాడు. లక్క ఇల్లు, మాయాజూదం, ద్రౌపది వస్త్రాపహరణం, అన్నీ గుర్తుంటాయి. అలాంటివాడి కోసం ఒక గంటలో మన చేత కంటతడి పెట్టించాలి, అతని తప్పులు ఒప్పులని చెప్పకుండానే. భాసుడు ఆ పని ఎలా చేశాడు?

నది, యజ్ఞం: రెండు పెద్ద పోలికలు

గీతా పారాయణానికి ముందు మనం చదివే ధ్యాన శ్లోకాల్లో యుద్ధాన్ని నదితో పోల్చిన శ్లోకం ఒకటుంది. భీష్మద్రోణులు ఒడ్డులు, జయద్రథుడు నీళ్లు, దుర్యోధనుడు సుడిగుండం, దాటించే పడవవాడు కేశవుడు. మన గుడిలో పిల్లలకు కూడా అది కంఠస్థం. ఊరుభంగం మొదటి ఆశీర్వచన శ్లోకం దాదాపు ఇదే. అక్కడా భీష్మద్రోణులే ఒడ్డులు, జయద్రథుడే నీళ్లు. దుర్యోధనుడు మాత్రం సుడి కాదు, ప్రవాహం. అర్జునుణ్ణి దాటించిన తెప్ప కేశవుడు.

సుడిగుండమంటే నదిలో ఒకచోట ఉండే ప్రమాదం. ప్రవాహం లేకపోతే నదే లేదు. ఈ యుద్ధం నడిచిందే దుర్యోధనుడి వల్ల అని కవి మొదటి శ్లోకంలోనే ఒప్పుకున్నాడు. జాలి చూపించబోయే ముందు తప్పు ఎవరిదో దాచకుండా చెప్పాడు. ఇది గమనించాలి.

తర్వాత ముగ్గురు భటులు వచ్చి యుద్ధభూమిని వర్ణిస్తారు. వాళ్ల కళ్లకు అది యజ్ఞశాలలా కనిపిస్తుంది. ఏనుగుల తొండాలు యూపస్తంభాలు. చెల్లాచెదరుగా పడిన బాణాలు దర్భలు. చచ్చిన ఏనుగుల గుట్టలు వేదిక. మండుతున్నది పగ అనే అగ్ని. జెండాలు పందిరి, వీరుల సింహనాదాలు మంత్రాలు. పడిపోయిన మనుషులే బలిపశువులు.

హోమం చేయించుకునే ఇళ్లు మనవి. అగ్ని, దర్భ, మంత్రం అన్న మాటలు వినగానే మన మనసు భక్తిలోకి వెళ్తుంది. అదే మాటలతో కవి శవాలను చూపించేసరికి ఒళ్లు జలదరిస్తుంది. యజ్ఞం చివర పూర్ణాహుతి ఉంటుంది కదా. ఈ యజ్ఞంలో చివరిగా పడబోయే ఆహుతి ఎవరో మనకు తెలుసు. అలా ఒక్క రూపకం యుద్ధాన్ని పవిత్రంగానూ భయంకరంగానూ చూపిస్తుంది, రాబోయేదాన్నీ సూచిస్తుంది. నాటకానికి మన శాస్త్రంలో ఉన్న ఇంకో పేరు కూడా రూపకమే కావడం చూసి మా బృందంలో అందరం కాసేపు నవ్వుకున్నాము.

కనపడని యుద్ధం

గదాయుద్ధాన్ని మనం చూడము. ఆ భటులే చూస్తూ చెబుతుంటారు. ఇది సంప్రదాయం కోసం చేసినదే అయినా కవికి ఇంకో లాభం కూడా ఉంది. చెప్పేవాళ్లు పాండవుల భక్తులూ కాదు, కౌరవుల చుట్టాలూ కాదు. మామూలు సైనికులు. వాళ్లు చెప్పేది మనం నమ్ముతాం.

దెబ్బ తిని భీముడు కింద పడతాడు. అప్పుడు దుర్యోధనుడు కొట్టడు. పడినవాణ్ణి వీరుడు చంపడని, భయపడవద్దని అంటాడు. ఆ మాటలో దయ ఉంది, ఎగతాళి కూడా ఉంది. ఆ సమయంలోనే కృష్ణుడు తన తొడ తట్టి భీముడికి సంజ్ఞ చేస్తాడు. భారతంలో తొడ తట్టి సైగ చేసినవాడు అర్జునుడు. భాసుడు ఆ పని నేరుగా కృష్ణుడికే ఇచ్చాడు. భీముడు లేచి, నియమం తప్పి, తొడల మీద కొడతాడు.

ఇలా పక్కపక్కన పెట్టడం కూడా ఒక ఉపాయమే. నియమం పాటించినవాడు ఓడాడు, తప్పినవాడు గెలిచాడు. కవి తీర్పు చెప్పడు. రెండు పనులనూ ఒకదాని వెంట ఒకటి చూపించి ఊరుకుంటాడు. తర్వాత బయటికి వచ్చిన దుర్యోధనుడు నడవలేడు. రెండు చేతుల మీద శరీరాన్ని ఈడ్చుకుంటూ వస్తాడు. అమృత మథనం ముగిశాక దేవదానవులు వదిలేసిన వాసుకితో కవి అతణ్ణి పోలుస్తాడు. ఆ పాములాగే ఇతనూ ఒక పెద్ద పనికి అటూ ఇటూ లాగబడి, పని ముగిశాక నేల మీద మిగిలాడు.

తొడ: నాటకమంతా మోసిన ప్రతీక

మన తెలుగువాళ్లకు తొడ అనగానే తొడగొట్టడం గుర్తొస్తుంది. సవాలుకు, పొగరుకు అది గుర్తు. భారతంలో దుర్యోధనుడి తొడకు పెద్ద చరిత్రే ఉంది. నిండు సభలో ద్రౌపదికి తన తొడ చూపించి అవమానించాడు. దాన్ని విరగ్గొడతానని భీముడు అప్పుడే ప్రతిజ్ఞ చేశాడు. తర్వాత మైత్రేయ మహర్షి హితవు చెబుతుంటే తొడ చరుచుకుంటూ నిర్లక్ష్యం చేశాడు. ఆయనా శపించాడు. ఇదంతా ప్రేక్షకుడికి ముందే తెలుసని భాసుడికి తెలుసు.

ఇప్పుడు భారతంలో లేని ఒక సన్నివేశం చూడండి. ధృతరాష్ట్రుడు, గాంధారి, దుర్యోధనుడి ఇద్దరు భార్యలు యుద్ధభూమికి వస్తారు. వాళ్లతో చిన్న కొడుకు దుర్జయుడు. ఆ పిల్లవాడు తండ్రిని వెతికి పట్టుకుని, అలవాటు ప్రకారం ఒళ్లో కూర్చోబోతాడు. తండ్రి వద్దని ఆపుతాడు. ఎందుకు వద్దంటున్నావని వాడి ప్రశ్న. ఇక మీదట ఇంకెక్కడైనా కూర్చోమని, ఇన్నాళ్లూ నీదిగా ఉన్న ఈ ఆసనం ఈ రోజుతో లేదని తండ్రి జవాబు.

ఈ చోట ద్రౌపది మాట కవి ఎత్తడు. ఎత్తనక్కర లేదు. పరాయి స్త్రీని కూర్చోమని చూపించిన తొడ మీద ఇప్పుడు సొంత కొడుక్కి చోటు లేదు. ఈ ఒక్క వాక్యంలోని న్యాయం మనకు అర్థమవుతుంది, మరుక్షణమే ఆ పిల్లవాడి ముఖం గుర్తొచ్చి గొంతు పట్టుకుంటుంది. శిక్ష సరైనదే కావచ్చు. దాన్ని అనుభవిస్తున్నవాళ్లలో ఏ తప్పూ చేయని పిల్లవాడు కూడా ఉన్నాడు. నాటకం మొత్తం ఈ రెండు భావాల మధ్యే నడుస్తుంది.

మొదట సవాలు, ఆపైన అవమానం, తర్వాత సంజ్ఞ, చివరికి ఒక పిల్లవాడు పోగొట్టుకున్న చోటు. ఒకే వస్తువు అర్థం మారుతూ వస్తుంటే, దానితోపాటు మనిషి కూడా మారడం మనకు కనిపిస్తుంది. బడిలో పిల్లలు ప్రతీక అని నేర్చుకునేది దీన్నే.

చూపు లేనివాళ్లు, చూసినా తెలియనివాడు

పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిసి ఉంటే దాన్ని నాటకీయ వ్యంగ్యం అంటారు. వ్యంగ్యమంటే ఎగతాళి కాదు. తెలిసినవాడు తెలియనివాణ్ణి చూసి బాధపడటం.

ధృతరాష్ట్రుడు గుడ్డివాడు, గాంధారి కళ్లకు గంతలు. కొడుకు ఎదురుగానే నేల మీద ఉన్నా వాళ్లకు కనపడడు, ఎక్కడున్నావని వెతుకుతుంటారు. లేచి వాళ్ల పాదాలు తాకలేకపోవడమే గద దెబ్బ కంటే ఎక్కువగా దుర్యోధనుణ్ణి బాధిస్తుంది. పిల్లవాడికి కళ్లున్నాయి కానీ, చూస్తున్నది చావని తెలియదు. ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతాడు. నూరుగురు తమ్ముళ్ల దగ్గరికని తండ్రి అంటే, నన్ను కూడా తీసుకెళ్లమంటాడు. వెళ్లి ఆ మాట భీముడితో చెప్పమంటాడు తండ్రి. అందరూ నిన్ను వెతుకుతున్నారు, రమ్మంటాడు కొడుకు. రాలేనంటే, నేను మోసుకెళ్తానంటాడు.

నువ్వు చిన్నవాడివి అన్నదే తండ్రి చెప్పగలిగిన మాట. ఈ సంభాషణలో అలంకారం ఒక్కటీ లేదు. యుద్ధభూమి దగ్గర అంత గంభీరంగా సాగిన భాష ఇక్కడ ఇంట్లో మాట్లాడుకునే మాటల స్థాయికి దిగింది. ఆ తేడా కూడా కవి కావాలనే చేసినది. బయట చక్రవర్తి, ఇంట్లో తండ్రి. ఒకే మనిషిలోని ఈ రెండు రూపాలనూ భాషను మార్చి చూపించాడు.

అటూ ఇటూ ఇద్దరు: బలరాముడు, అశ్వత్థామ

ఒక పాత్ర స్వభావం తెలియాలంటే పక్కన మరో పాత్రను నిలబెట్టాలి. దుర్యోధనుడి పక్కన ఇద్దరు నిలబడతారు. ఇద్దరికీ కోపం. శిష్యుడికి అన్యాయం జరిగిందని బలరాముడు నాగలి ఎత్తుతాడు. రాజుకు జరిగిన అవమానానికి అశ్వత్థామ విల్లు పడతాడు. దుర్యోధనుడు ఇద్దరినీ వారిస్తాడు.

బలరాముడితో అతను అనేదాని సారం ఇది: కురువంశానికి తర్పణాలు వదిలేవాళ్లుగా పాండవులైనా బతకనీ, పగా పోయింది, యుద్ధమూ పోయింది, మేమూ పోయాము. మోసంతో గెలిచారని బలరాముడు అంటే, మోసపోయానని మీరే ఒప్పుకుంటే నేను ఓడనట్టే కదా అంటాడు. చూడండి, అభిమానం ఇంకా పోలేదు. కవి అతణ్ణి ఒక్క పూటలో సాధువును చేయలేదు.

అశ్వత్థామతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంకో మెట్టు దిగుతాడు. రాజులకు అభిమానమే శరీరమనీ, అందుకే యుద్ధం చేశాననీ అంటాడు. ఆ వెంటనే తాము చేసినవన్నీ తానే లెక్క పెడతాడు. జూదం రోజున ద్రౌపదిని జుట్టు పట్టి లాగడం, పసివాడైన అభిమన్యుణ్ణి చంపడం, పాచికల మోసంతో పాండవులను అడవి జంతువుల మధ్యకు పంపడం. వాటితో పోలిస్తే వాళ్లు నాకు చేసింది తక్కువే అంటాడు. నాటకానికి ఈ మాటే ఆయువుపట్టని మేము అనుకున్నాము. ఇంతవరకు అతని మీద మనకు కలిగింది జాలి. ఇక్కడి నుంచి కలిగేది గౌరవం.

కొడుక్కి ఇచ్చిన చివరి సలహా కూడా ఇలాంటిదే. పాండవులను నన్ను సేవించినట్టు సేవించు, కుంతి మాట విను, అభిమన్యుడి తల్లినీ ద్రౌపదినీ నీ తల్లిలా చూసుకో అంటాడు.

అయితే అశ్వత్థామ వినడు. అభిషేకం లేకుండానే, నోటిమాటతో దుర్జయుణ్ణి రాజును చేస్తాడు. అది విని దుర్యోధనుడు తృప్తి పడతాడు. చనిపోతున్నవాడికి శంతనుడి వంటి పూర్వీకులు, కర్ణుడు, తమ్ముళ్లు, హంసలు లాగే విమానం కనిపిస్తాయి. అభిమన్యుడు కూడా ఐరావతం మీద కనిపిస్తాడు, ఇంకా కోపంగానే. పగ మానినంత మాత్రాన చేసిన పని చెరిగిపోదని ఆ ఒక్క దృశ్యం చెబుతుంది. ధృతరాష్ట్రుడు తపోవనానికి బయల్దేరుతాడు. అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్లను చంపడానికి వెళ్తాడు.

విషాదమంతా ఇక్కడే ఉందని మాకు అనిపించింది. పగను మొదలుపెట్టినవాడు దాన్ని ఆపాలనుకున్నాడు. అప్పటికి అది అతని చేతుల్లో లేదు, ఇంకొకరి చేతికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఉపపాండవులు చనిపోతారని మనకు తెలుసు. దుర్యోధనుడికి తెలియదు.

మరి కృష్ణుడి సంగతి?

చదువుతున్నప్పుడు మాలో వచ్చిన పెద్ద చర్చ ఇదే. గుడిలో కృష్ణుణ్ణి కొలిచే మనం, ఆయన సంజ్ఞతో నియమం తప్పిన దెబ్బ పడిందని చూపించే నాటకాన్ని ఎలా చదవాలి? పిల్లలకు చెప్పవచ్చా అని ఒక పెద్దాయన సందేహించారు.

నాటకం మొదలయ్యేది కేశవుణ్ణి దాటించే తెప్పగా ప్రార్థిస్తూ. దెబ్బ తిన్న తర్వాత దుర్యోధనుడే అంటాడు, జగత్ప్రియుడైన హరి భీముడి గదలో ప్రవేశించి తనను మృత్యువుకు అప్పగించాడని. ఆ మాటను నిష్ఠూరంగా చదవవచ్చు, భక్తిగా చదవవచ్చు, చివరికి సమాధానపడిన మనసుగానూ చదవవచ్చు. మాలో మూడు రకాలుగా చదివినవాళ్లూ ఉన్నారు. కవి భక్తుడే, కానీ ప్రశ్నను దాచలేదు. మనం దాచితే పిల్లలు వేరేచోట అడుగుతారు. కలిసి కూర్చుని అడిగితే మంచిదని చివరికి ఆ పెద్దాయనే అన్నారు.

మన ఇళ్లలో

మన వేడుకల్లో పిల్లలు దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేస్తూనే ఉంటారు. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్‌.టి. రామారావు గారు వేసిన దుర్యోధనుణ్ణి ఇష్టపడని తెలుగువాళ్లు తక్కువ. మనం చప్పట్లు కొట్టేది ఆ దర్పానికి. ఊరుభంగం ఆ దర్పం నేల మీద పడిన తర్వాతి గంట. మొదటిది నేర్పిన పిల్లలకు రెండోది కూడా చెప్పాలి.

పెద్దలకు కూడా ఇందులో పని ఉంది. ఊళ్లో పొలం గట్టు గురించో, అపార్ట్‌మెంటుకు ఇచ్చిన స్థలంలో వాటా గురించో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు మనలో లేవని చెప్పలేము. ఆ తగాదా ఏమిటో ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలియదు. పెదనాన్న ఇంటికి వెళ్లకూడదన్నది మాత్రం తెలుసు. దుర్జయుడి సన్నివేశం చదివిన సాయంత్రం మాలో ఇద్దరు ఏమీ మాట్లాడకుండా ఇంటికి వెళ్లారు. మేమూ ఏమీ అడగలేదు.

వ్యాసం రాస్తున్న ఆ అమ్మాయికి ఇప్పుడు మా జవాబు ఇది: ఉందమ్మా, మనకూ ట్రాజెడీ ఉంది. పోలికలు, ప్రతీకలు, వ్యంగ్యం నాటకానికి పెట్టిన నగలు కావు. చెడ్డవాడని మనం తలుపు వేసుకున్న మనిషి దగ్గరికి మనల్ని నడిపించే మెట్లు. అక్కడికి వెళ్లాక అతని తప్పు తప్పుగానే కనిపిస్తుంది, అతనూ మనలాంటి మనిషిగా కనిపిస్తాడు.

వచ్చే మూడు నెలలు భాసుడిదే ‘కర్ణభారం’ చదువుదామనుకుంటున్నాము. అదీ ఒకే అంకం. సంస్కృతం రాకపోయినా ఫరవాలేదు, అర్థం చెప్పుకుంటూ చదువుతాము. హైస్కూల్ పిల్లలను కూడా వెంటబెట్టుకు రండి. ప్రశ్నలు వాళ్లే బాగా అడుగుతున్నారు.